ఊపిరి లేని ఇసుకతో గచ్చిబౌలికి

ముందే ఒప్పుకుంటున్నాను, నేను పెంచి చెప్తాను. ఇది చిన్నప్పటి జబ్బు. దీనికి మందూ లేదు, పథ్యమూ లేదు. మా ఆవిడ నా మాటల్ని ఎప్పుడూ నాలుగుతో భాగించుకుని వింటుంది. కాపురం సాఫీగానే సాగుతోంది. మీరూ అలాగే వినండి. ఇది చదివాక మీలో ఎవరికైనా ఇసుక సంచి భుజాన వేసుకుని జనగామ నుంచి గచ్చిబౌలికి పోవాలన్న కోరిక పుడితే, రైళ్ల వేళలు మాత్రం స్టేషన్‌లో ఇంకోసారి అడిగి తెలుసుకోండి.

ఈ ప్రయాణానికి కారణం మా మేనకోడలు సరిత. పదిహేను రోజుల కిందట, నేను దుకాణంలో ఒకాయన ముక్కు మీద కొత్త కళ్లద్దాలు నిలబెట్టే ప్రయత్నంలో ఉండగా ఫోన్ చేసింది. జనగామ స్టేషన్ రోడ్డులో నాది కళ్లద్దాల దుకాణం.

"మామా, నాకు ఊపిరి లేని ఇసుక కావాలె."

"ఊపిరున్న ఇసుక ఎక్కడన్న ఉంటదా బిడ్డా?"

"మట్టి ఊపిరి తీస్తది మామా. లోపల వేర్లుంటయి, పురుగులుంటయి, కంటికి కనవడని జీవాలు కోట్లుంటయి. అన్నీ మన లెక్కనే గాలి విడుస్తయి. ఎంత విడుస్తున్నయో కొలిచే మిషనే నేను చేస్తున్నది. రెండేండ్ల సంది చెప్తున్న గద!"

చెప్తూనే ఉంది పాపం. నేనే అది వాతావరణ శాఖకు సంబంధించిందని ఊరంతా చెప్పుకొచ్చాను.

విషయం ఇది. సరిత, ఆమెతో పనిచేసే ఓబులేసు అనే అనంతపురం అబ్బాయి, ఇద్దరూ మంచి సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు వదిలి కొండాపూర్‌లో ఒక గది తీసుకున్నారు. మట్టి ఊపిరిని కొలిచే పరికరాన్ని రైతు సంఘాలు కొనగలిగే ధరలో చేస్తున్నారు. ఎరువేసిన పొలం నిజంగా కోలుకుంటోందా, ఊరికే పచ్చగా కనిపిస్తోందా అన్నది ఆ పరికరం చెప్తుంది. ఒక పెద్ద రైతుల సమాఖ్య తీసుకుంటామంది. కానీ ముందు గచ్చిబౌలిలోని పరీక్షా కేంద్రంలో ఆ పరికరం నిజమే చెప్తోందని తేలాలి. తేలకపోతే గది ఖాళీ. పాత కంపెనీ సరితను మళ్లీ రమ్మంది, సోమవారంలోగా జవాబివ్వాలి. పరీక్ష శుక్రవారం.

"వాగు ఇసుక కావాలె మామా. ఏడు నీళ్లు పోసి కడగాలె, ఎండబెట్టాలె, పెనం మీద మాడేదాక వేయించాలె. దాంట్ల ప్రాణం ఇంత గూడ ఉండొద్దు. ఈడ దొరికేదంత రాళ్లు కొట్టిన పొడి."

"మూడు రోజులు వేయించి తెస్తా, నువ్వు ఫికర్ చెయ్యకు" అన్నాను. ఆ వేయించిన వైనం తర్వాత చెప్తాను.

శుక్రవారం పొద్దున ఐదూ నలభైకి జనగామలో ప్యాసింజర్ ఎక్కాను. సంచి బరువు ఇరవై కిలోలు. ఎక్కించగానే రైలు ఎడమవైపుకు ఒరిగింది. గార్డు దిగి వచ్చి చక్రాలు చూసుకున్నాడు. సంచిని సీటు కింద తోసి కూర్చున్నాను. ఆలేరులో ఎక్కిన ఒక పెద్దాయన దాన్ని కాలితో తట్టి చూశాడు.

"ఏంది, బియ్యమా?"

"ఇసుక."

"పట్నంల ఇసుక కరువొచ్చిందా?"

"ఉన్నది గానీ పెద్దాయనా, అది ఊపిరి తీస్తదట. ఇది తియ్యది."

పెద్దాయన కాసేపు నన్నూ సంచినీ మార్చి మార్చి చూశాడు. "నీకు పిల్లలున్నరా?" అన్నాడు మెల్లగా. ఉన్నారన్నాను. "వాళ్లకు తెల్సా నువ్వు గిట్ల పోతున్నట్టు?" అన్నాడు. భువనగిరి దాకా నన్ను కిటికీ వైపు జరగనివ్వలేదు. దూకేస్తానని అనుమానం కాబోలు. దిగేటప్పుడు తన మూటలోంచి రెండు జామకాయలు తీసి నా చేతిలో పెట్టాడు. ఆ జామకాయ ఒక్కోటి మా అబ్బాయి తలకాయంత ఉంది.

ఏడూ ముప్పై ఐదుకి సికింద్రాబాద్. ప్లాట్‌ఫాం మీద ఒక ఇరానీ చాయ్, రెండు ఉస్మానియా బిస్కెట్లు. ఇక్కడొక సలహా. మెట్రోలో సంచుల్ని మిషన్‌లో పెట్టి చూస్తారు, ఇసుక ఎందుకని అడుగుతారు, మీ దగ్గర జవాబుండదు. ఎం.ఎం.టి.ఎస్. మేలు. టికెట్టు చాయ్ కంటే చవక, సంచిలో ఏముందని సర్కారు అడగదు, తోటివాళ్లే అడుగుతారు.

ఎనిమిదీ పదికి బండి కదిలింది. బోరబండలో బాలమణి అనే ఆవిడ ఎక్కింది. కోకాపేటలో ఒక టవర్‌లో అద్దాలు తుడిచే పని. చేతిలో టిఫిన్ డబ్బా, మెడలో గుర్తింపు కార్డు.

"ముప్పై ఎనిమిదో అంతస్తన్నా. లోపటికెళ్లి తుడుస్త. కిందికి చూస్తే మనుషులు నువ్వుగింజల లెక్క కనవడ్తరు."

"అంత పైకెళ్లి ఎవరినన్న గుర్తు పడ్తవా?"

"మా సూపర్‌వైజర్‌ను గుర్తు పడ్త. అన్ని గింజలు ఉరుకుతుంటయి. నిలవడి చూసే గింజ ఆయన."

హైటెక్ సిటీ స్టేషన్‌లో దిగేటప్పుడు సంచికి ఒక చెవి తనే పట్టుకుంది. మెట్ల దగ్గర ఆగి, "ఇసుకేందన్నా, గింత అల్కగున్నది?" అంది. పల్లెలో పెరిగిన చేయి. దానికి బరువులు తెలుసు. నేను వినబడనట్టు నటించాను.

ఆటో కొత్తగూడ మీదుగా కొండాపూర్ చేరేసరికి తొమ్మిదిన్నర. ఆ దూరం రెండు కిలోమీటర్లంటారు. ట్రాఫిక్‌లో నాకు గడ్డం మొలిచింది. వీపున లాప్‌టాప్ సంచులతో బైక్ టాక్సీల మీద పిల్లలు, ఆఫీసు బస్సుల్లో నోళ్లు తెరిచి నిద్రపోతున్న పిల్లలు, సిగ్నల్ దగ్గర మీటింగ్‌లో మాట్లాడుతున్న పిల్లలు. నా ఆటో పక్కన ఒకబ్బాయి ఒక కాలు నేల మీద ఆనించి, "ఎస్, ఐ యామ్ ఎట్ మై డెస్క్" అన్నాడు. పెంచి చెప్పడంలో వీళ్ల ముందు నేనెంత!

అపార్ట్‌మెంట్ కింద సరిత ఎదురుచూస్తోంది. రాత్రంతా నిద్రలేని కళ్లు. ఆ కళ్లకు అద్దాలు నేనే ఇచ్చాను, ఒక పక్క కాడ వదులై ఉంది. జేబులోంచి చిన్న స్క్రూడ్రైవర్ తీసి అక్కడే బిగించాను.

"తెచ్చినవా మామా? మంచిగ వేయించినవా?"

"మూడు రోజులు బిడ్డా. మీ అత్త గరిటె అరిగిపోయింది."

ఓబులేసు సంచి అందుకుని, "మామా, మీరు మా పాలిట దేవుడప్పా. పోయిన వారమంతా నేను ప్రెషర్ కుక్కర్‌లో ఇసుక ఉడకబెట్టినా. కుక్కర్ పొయ్యింది, మా ఇంటామె మాట్లాడేది మానేసింది" అన్నాడు.

పరికరాన్ని అప్పుడు చూశాను. రెండేళ్ల కష్టం ఎంతో పెద్దదిగా ఉంటుందనుకున్నాను. బోర్లించిన అన్నం గిన్నెలా ఉంది. అంచుకు రబ్బరు పట్టీ, పైన చిన్న తెర. మట్టి మీద బోర్లిస్తే లోపల గాలి ఎంత వేగంగా పేరుకుంటోందో ఆ తెర మీద అంకె పడుతుంది. సరిత దాన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. గచ్చిబౌలి దాకా ఒక్క గతుకు కూడా దానికి తగలనివ్వలేదు.

పదీ ఇరవైకి పరీక్షా కేంద్రం ఉన్న అద్దాల భవనం. గేటు దగ్గర సెక్యూరిటీ అతను రిజిస్టర్ తెరిచాడు.

"జర ఆగుండ్రి సార్. సంచిల ఏముంది? మేక్ ఏంది, సీరియల్ నంబర్ ఏంది?"

"ఇసుకకు సీరియల్ నంబర్ ఉండదు తమ్మీ."

"నంబర్ లేకుంటే లోపటికి పోతది గానీ, బయటికి రానియ్యరు సార్. నా నౌకరీ పోతది."

చివరికి గింజల సంఖ్య రాసుకోమన్నాను. అతను నాకు మెడలో వేసుకునే విజిటర్ కార్డు ఇచ్చి, ఇంకోటి సంచి మూతికి కట్టాడు. నాలుగో అంతస్తు దాకా సంచీ నేనూ ఒకే హోదాలో వెళ్లాం.

పరీక్ష చేసేది మూర్తిగారు. తూర్పు గోదావరి మనిషి, జుట్టు తెల్లబడింది, చొక్కా జేబులో నాలుగు పెన్నులు. గది మధ్య ఒక డ్రమ్ము. అడుగున సన్నటి గొట్టం, దానికి గ్యాసు సిలిండర్.

"చాలా తేలికండి" అన్నారు నాకు. "డ్రమ్ములో చచ్చిన ఇసుక పోస్తాం. అడుగు నుంచి, మనం ఊపిరిలో విడిచే గ్యాసే వదుల్తాం. ఎంత వదులుతున్నానో చీటీ మీద రాసి నా జేబులో పెట్టుకుంటాను. పైన వీళ్ల గిన్నె బోర్లిస్తారు. నా చీటీ, వీళ్ల అంకె కలిస్తే పాసు. పదో వంతు తేడా దాకా సర్దుకుంటానండి, ఆ పైన సర్దుకోను."

నాకు నచ్చింది. ఊపిరి లేనిదానికి దొంగ ఊపిరి ఊది, పసిగట్టగలవా అని అడగడం! నా దుకాణంలో అక్షరాల బోర్డును బట్టీపట్టి వచ్చే డ్రైవర్లకు ఇలాంటిది పెట్టాలి.

మూర్తిగారు ఇసుకను గుప్పిట్లోకి తీసుకుని వేళ్ల సందుల్లోంచి జార్చారు. "బాగా వేయించారండి."

"ఏడుసార్లు కడిగానండి. మూడు రోజులు, మూడు రాత్రులు. మూడో రాత్రి ఇసుక ఎర్రగా వెలిగింది" అన్నాను. గది చుట్టూ ఉన్న నలుగురైదుగురు ఉద్యోగులు నా వైపు గౌరవంగా చూశారు.

పదకొండున్నరకు మొదటి విడత, పొడి ఇసుక మీద. ముందు గ్యాసు లేకుండా చూశారు, సున్నా. తర్వాత గ్యాసు వదిలారు. గిన్నె బోర్లించారు. సరిత రెండు చేతులూ వెనక్కి కట్టుకుని నిలబడింది. ఓబులేసు దణ్ణం పెట్టుకున్నాడు. నేను ఊపిరి బిగబట్టాను. గది మొత్తం మీద గాలి తగ్గింది. తెర మీద మూడు పాయింట్ ఒకటి. మూర్తిగారు చీటీ తీశారు, మూడు.

"మొదటిది పాసండి. ఇప్పుడు అసలుది. పొలంలో మట్టి పొడిగా ఉండదు కదా. చౌక పరికరాలన్నీ తేమ దగ్గరే పడిపోతాయి."

సరిత మొహం చూశాను. ఆమెకు రెండేళ్లుగా నిద్ర లేకుండా చేసింది ఆ తేమే. మూడు నమూనాలు తేమకే చచ్చాయి.

పన్నెండూ ఇరవైకి మూర్తిగారు ఇసుక మీద కొలత ప్రకారం నీళ్లు చల్లారు. ఒక వాసన గుప్పుమంది. ఏ అంతస్తు క్యాంటీన్ నుంచో తాలింపు అనుకున్నాను. నీళ్లు ఇసుకంతా పాకడానికి గంట పడుతుందన్నారు, భోజనానికి వెళ్లాం.

ఆ క్యాంటీన్ గురించి చెప్పాలి. పప్పు, బెండకాయ వేపుడు, గోంగూర పచ్చడి, చారు, అప్పడం. అప్పడాలు బండి చక్రాలంత. నేను అన్నం మూడుసార్లు పెట్టించుకున్నాను, పెరుగు రెండు కప్పులు. వడ్డించే ఆవిడ చివరికి గిన్నె నా ముందే పెట్టి వెళ్లిపోయింది.

ఒకటీ నలభైకి రెండో విడత. గిన్నె బోర్లించారు. తెర మీద ఆరు పాయింట్ రెండు. మూర్తిగారు చీటీ తీసి బల్ల మీద పెట్టారు, నాలుగు.



"ఇంకోసారి చూసుకోండి సరితగారూ" అన్నారు మూర్తిగారు, మర్యాదగానే. సరిత గిన్నె తిప్పి లోపలి భాగాన్ని మెత్తటి గుడ్డతో తుడిచింది. రబ్బరు పట్టీ మార్చింది. మళ్లీ బోర్లించింది. ఆరు పాయింట్ ఆరు.

"తేమేనండి. ఎక్కువ చేసి చెబుతోంది. అది కూడా పోనుపోను పెంచుతోంది" అన్నారు ఆయన పెన్ను మూత తీస్తూ.

ఓబులేసు గోడకు ఆనుకున్నాడు. "మల్లా అదేనా సరితా" అన్నాడు. సరిత బొత్తిగా చిన్న గొంతుతో, "సోమవారం దాక ఎందుకు, ఇయాల్నే మెయిల్ పెడ్త" అంది.

నేను డ్రమ్ము దగ్గరికి వంగాను. అది తాలింపు వాసన కాదు, వేయించిన పల్లీల వాసన. వెంటనే లేచాను.

"మూర్తిగారూ, ఆ ఇసుక నేను వేయించలేదు."

అందరూ నా వైపు తిరిగారు. చెప్పేశాను. మా ఊళ్లో మల్లయ్యది పల్లీల బట్టీ. ఇసుకలో పల్లీలు వేయిస్తాడు. ఇసుక పాతబడితే బట్టీ వెనక పారబోస్తాడు. సరిత అడిగింది వేయించిన ఇసుక, మల్లయ్య దగ్గర ఉన్నది వెయ్యిసార్లు వేగిన ఇసుక. నేను మళ్లీ వేయించి గరిటె అరగదీయడమెందుకని ఆ కుప్ప మీంచి ఎత్తి, జల్లెడ పట్టి తెచ్చాను. అందులో పల్లీల పొట్టు ఉంది, పప్పు నలుసులున్నాయి. కడగనే లేదు.

"మామా, ఊకో" అంది సరిత. కళ్లు నిండాయి. "నన్ను కాపాడుదామని అబద్ధం చెప్పకు. పరువు పోతది."

"అబద్ధం కాదు బిడ్డా!"

మూర్తిగారు కళ్లజోడు పైకి నెట్టారు. "ఇందాక మూడు రాత్రులన్నారు, ఎర్రగా వెలిగిందన్నారు. ఇప్పుడు కడగనే లేదంటున్నారు. ఏది నమ్మమంటారండీ?"

నలభై తొమ్మిదేళ్లుగా నేనేది చెప్పినా జనం సగమైనా నమ్మారు. మొదటిసారి ఉన్నదున్నట్టు చెప్తే ఒక్కరూ నమ్మలేదు. నా వేలు పట్టుకుని నడక నేర్చిన పిల్ల కూడా.

ఓబులేసు ఒక్కడే డ్రమ్ములో చెయ్యి పెట్టాడు. తడి ఇసుక తవ్వి, ఎర్రటి పొట్టు ముక్క ఒకటి గోటితో పైకి తీశాడు. "సార్, ఇది చూడండి. పల్లీ పొట్టే. తడి తగిల్తే దీన్ని తినేటివి లోపల లేచుంటాయి కదా?"

మూర్తిగారు పెన్ను మూత పెట్టేశారు. నాకు ఆ శబ్దం గుడిగంటలా వినిపించింది. గ్యాసు కట్టేసి, పాత గ్యాసంతా పోయేలా అరగంట పాటు మామూలు గాలి పంపించారు. బీరువాలోంచి ఇంకో యంత్రం తీయించారు, విదేశాల నుంచి తెప్పించింది, చిన్న సూట్‌కేసంత. "ఇప్పుడు నేనేమీ వదలడం లేదండి. ఇసుక చచ్చిందే అయితే రెండూ సున్నా చూపించాలి."

ముందు సరిత గిన్నె. రెండు పాయింట్ ఏడు. తర్వాత ఆ విదేశీ యంత్రం. అది చాలాసేపు గుర్రుమని, రెండు పాయింట్ ఆరు దగ్గర ఆగింది.

మూర్తిగారు ఆ ఆరు పాయింట్ ఆరులోంచి రెండు పాయింట్ ఆరు తీసేశారు. నాలుగు. పక్కనే ఆయన చీటీ, నాలుగు.

"సరితగారూ, మీ పరికరం పెంచి చెప్పలేదండి. ఆ ఇసుక నిజంగానే ఊపిరి తీస్తోంది. నేనడగని నిజం కూడా చెప్పింది మీ గిన్నె." నా వైపు తిరిగి, "మీరు మాత్రం సంచి మూతికి కట్టిన కార్డు మీద సంతకం చేసి వెళ్లండి. ఈ ఇసుక ఇక్కడే ఉంటుంది. ఇలా అమాయకంగా కనపడేది మాకు పరీక్షలకు పనికొస్తుంది" అన్నారు.

ఓబులేసు నన్ను ఎత్తినంత పని చేశాడు. సరిత గిన్నెను గుడ్డలో చుడుతూ నవ్వుతోంది, ఏడుస్తోంది, రెండూ కలిపి. "ఏం మనిషివి మామా నువ్వు! ఒక్క ఇసుక, ఒక్క సంచి ఇసుక అడిగిన!" అంది. అంతకంటే ఎక్కువ తిట్టలేదు. మా అక్క అయితే ఇప్పటికీ తిడుతూనే ఉండేది.

ఐదుంబావుకి గచ్చిబౌలి నుంచి ఆటో. సరిత నన్ను స్టేషన్ దాకా దింపడానికి వచ్చింది. దారంతా అద్దాల మేడలు, వంతెనలు, వంతెన మీద వంతెన. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు ఆమె మాత్రం మేడల వైపు చూడలేదు. రోడ్డు మధ్య కాగితప్పూల చెట్ల కింద జానెడు మట్టి ఉంటే దాన్నే చూస్తోంది. "ఇది గూడ తీస్తది మామా, ఇంత పొగల గూడ" అంది. నాకు ఆ ఊరు ఆ క్షణం నుంచి నచ్చడం మొదలైంది. పొద్దున చూసినప్పుడు అంతా సిమెంటే అనుకున్నాను.

ప్లాట్‌ఫాం మీద బండి వచ్చేముందు, సరిత నా సంచి లేని భుజం మీద దుమ్ము దులిపింది.

"మామా, లంచ్‌ల నువ్వు పెరుగు ముట్టలే."

అంతే అంది. బండి వచ్చింది, ఎక్కాను. సికింద్రాబాద్‌లో ఏడింటికి జనగామ బండి దొరికింది, సీటు కూడా దొరికింది. ఘట్‌కేసర్ దాటాక ఈ కథనం రాయడం మొదలుపెట్టాను.

ఒరిగిన రైలునూ, మొలిచిన గడ్డాన్నీ మీరే భాగించుకోగలరు, వాటి సంగతి వదిలేయండి. ఇందులో నేను పూర్తిగా కల్పించింది ఒక్కటే, ఆ భోజనం. నీళ్లు చల్లగానే వచ్చినది పల్లీల వాసనని నాకు ఆ క్షణమే తెలిసింది. క్యాంటీన్ తాలింపని ఒక్క నిమిషం కూడా అనుకోలేదు. ఏమీ కాదులే, ఎవరికీ తెలియదులే అని నోరు మూసుకుని పళ్లెం ముందు కూర్చున్నాను. మూడుసార్లు అన్నం లేదు, రెండు కప్పుల పెరుగు లేదు. సరిత తన కప్పు కూడా నా వైపు జరిపి, "తిను మామా, పొద్దట్నుంచి మోసుకొచ్చినవ్" అంది. కడుపు నిండిందన్నాను. గంటన్నర తర్వాత, ఆమె రబ్బరు పట్టీ మార్చి, మొహం చచ్చి, మెయిల్ పెడతానన్నాక గానీ నేను లేవలేదు.